ఎడమ స్పీకర్లో చిటపట

"ఆపు! ఆపమంటుంటే!"

రామచంద్రరావు అరుపు పూర్తికాకముందే ఎడమవైపు స్పీకరు టప్పుమంది. వయొలిన్ సగం తెగిపోయింది. కుడివైపు స్పీకరు మాత్రం ఏమీ ఎరగనట్టు పాడుతూనే ఉంది. యాంప్లిఫయర్ పైమూత మీదున్న చిల్లుల్లోంచి సన్నటి పొగ లేచింది.

ఫణీంద్ర ఒక్క గెంతులో వెళ్లి గోడ మీద స్విచ్చి కొట్టాడు.

గదిలో చప్పుడు లేదు. కాలిన వాసన మాత్రం ఉంది.

గది మధ్యలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో కూర్చుని పాట వింటున్న డాక్టర్ దుర్గాభవాని లేచి నిలబడింది. సైనిక్‌పురిలో కట్టుకున్న కొత్త ఇంట్లో సంగీతం కోసమే ఒక గది వేయించుకున్న మనిషి ఆమె. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "పేలుతుందా ఇది?" అంది.

"అబ్బెబ్బే, లేదమ్మా. ఏదో చిన్న..."

"నా సీడీ తీసివ్వండి ముందు."

షాపు యజమాని రామచంద్రరావు ఆమె వెనకాలే మెట్లు దిగి కారు దాకా వెళ్లాడు. కారు తలుపు వేసుకుంటూ ఆమె అన్నమాట పై అంతస్తు కిటికీలోంచి స్పష్టంగా వినిపించింది.

"మీ దగ్గరే ఇట్లా కాలిపోతే, మా ఇంట్లో ఎట్లా పెట్టుకోమంటారండీ?"

డెమో గది గుమ్మంలో నిలబడ్డ బాలరాజు ఆ మాట విన్నాడు. వాడి గుండెలో ఏదో చల్లగా దిగింది. భయం అనుకున్నాడు మొదట. కాదు. అది సంతోషం.

ఎందుకంటే వాల్యూమ్ మీద చెయ్యి ఉన్నది ఫణీంద్రది. వైర్లు మార్చింది ఫణీంద్ర. పక్కనే నిలబడి డాక్టరమ్మకి మాటలు చెప్పిందీ ఫణీంద్రే.

ఉప్పల్ రింగురోడ్డు మీద నాదప్రియ హైఫై మొదలైన రోజు నుంచీ బాలరాజు అక్కడే ఉన్నాడు. అంతకుముందు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో కాలిపోయిన స్పీకర్లకి తీగ చుట్టేవాడు. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి చేతిపని నేర్చుకున్నవాడు. ఈ డెమో గదిలో కార్పెట్ పరిచింది వాడు. గోడలకి మందపాటి పరదాలు కట్టింది వాడు. "రేపు నాచారంలో ఇంకో షాపు పెడితే కుర్చీ నీదేరా బాలరాజూ" అని రామచంద్రరావు చాలాసార్లు అన్నాడు. వాడు నమ్మాడు.

తర్వాత ఫణీంద్ర వచ్చాడు. భీమవరం కుర్రాడు. వాడికి సోల్డరింగ్ రాదు. వాడికి ఉన్నదల్లా చెవులు.

పాట పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఖాళీ గాల్లోకి వేలు చూపించి, "వయొలిన్ ఇక్కడ కూర్చుంది సార్. మృదంగం కాస్త వెనక, ఎడమపక్క. విన్నారా?" అనేవాడు. కస్టమర్లు ఆ ఖాళీలోకి చూసేవాళ్లు. చూసి, తల ఊపేవాళ్లు. నిజంగానే అక్కడ ఎవరో కూర్చున్నట్టు. వెళ్లేటప్పుడు వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లేవాళ్లు. పెట్టె మోసి కార్లో పెట్టిన బాలరాజుకి "థాంక్స్ బాబూ" అనేవాళ్లు.

ఒకసారి ఫణీంద్ర లేనప్పుడు బాలరాజు కూడా కళ్లు మూసుకున్నాడు. గాల్లోకి వేలు చూపించి, "ఫ్లూట్ ఈడ ఉంది సార్" అన్నాడు. కస్టమర్ నవ్వి, "ఆ కుర్రాడు లేడా ఇవాళ?" అన్నాడు.

ఆ నవ్వు బాలరాజు చెవుల్లో ఇంకా ఉంది. మిగతావేవీ వాడికి అంత బాగా వినపడవు.

పోయిన వారం ఇంకో దెబ్బ తగిలింది. రామచంద్రరావు ఫణీంద్రని పిలిచి, "నాచారంలో డెమో గదికి పరదాలు ఏ రంగు పెడదామంటావు?" అని అడిగాడు. బాలరాజు పక్కనే ఉన్నాడు. పరదాలు కట్టేవాణ్ణి అడగలేదు.

నాచారం షాపు తెరవాలంటే ఈ ఇంగ్లండు యాంప్లిఫయర్ ఏజెన్సీ రావాలి. అది బొంబాయి కంపెనీ చేతిలో ఉంది. వాళ్లు ఒకే ఒక్క పీసు పంపించి, "ముందు మంచి కస్టమర్‌కి వినిపించండి, చూద్దాం" అన్నారు. నిన్ననే వచ్చింది. ఇవాళ కాలిపోయింది.

రామచంద్రరావు మెట్లెక్కి వచ్చాడు. తలుపు వేశాడు.

"చెప్పండి. ఎవరి పని ఇది?"

"సార్, నేను..." ఫణీంద్ర కాలిన యాంప్లిఫయర్ వైపు చూశాడు. "రెండో జత స్పీకర్లకి మార్చాక పాట ఒక్క నిమిషం కూడా నడవలేదు సార్."

"ఆఫ్ చేసి మార్చావా, ఆన్‌లోనే మార్చావా?"

ఆ షాపులో అది పెద్ద ప్రశ్న. ఒక జత స్పీకర్ల నుంచి ఇంకో జతకి వైర్లు మార్చేటప్పుడు యాంప్లిఫయర్ ఆపాలి. ఆన్‌లో ఉండగా రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తగిలితే దాని ప్రాణం పోతుంది. బాలరాజు ఎప్పుడూ ఆపి, ఆగి, నింపాదిగా మార్చేవాడు. ఫణీంద్రకి ఆ నింపాది నచ్చదు. "చెవికి జ్ఞాపకం తక్కువన్నా. నువ్వు వైరు బిగించేలోపు మొదటి స్పీకరు ఎలా పాడిందో కస్టమర్ మర్చిపోతాడు. ఇంక పోల్చుకునేదేముంది?" అనేవాడు. అందుకని వాడి చేతులు ఎప్పుడూ పరుగే.

"ఆఫ్ చేశాను సార్. చేసే మార్చాను."

"బాలరాజూ, నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. చూశావా?"

బాలరాజు చూశాడు. ఫణీంద్ర చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లడం, ఎర్ర లైటు ఆరడం, తర్వాతే వైర్లు ఊడటం, అన్నీ చూశాడు.

"డాక్టరమ్మ దిక్కు సూస్తున్న సార్" అన్నాడు. "స్విచ్చి దిక్కు సూడలే. గానీ..."

"గానీ ఏంటి?"

"మొన్న ఒక్కసారి ఆన్ల ఉండంగనే మార్చిండు. గట్ల జెయ్యకు తమ్మీ అని నేనే జెప్పిన."

ఆ చివరి మాటలో అబద్ధం లేదు. అదే దాని అందం.

ఫణీంద్ర తల తిప్పి బాలరాజు వైపు చూశాడు. కోపంగా కాదు. తప్పు పట్టుబడ్డవాడిలా చూశాడు.

"మొన్న నిజమే సార్" అన్నాడు. "ఇవాళ మాత్రం..."

"చాల్లే." రామచంద్రరావు చెయ్యెత్తాడు. "బాలరాజూ, దాన్ని విప్పి చూడు. నేను బొంబాయికి ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పాలి. సరుకు మంచిదే, మా షాపులో ఫలానావాడు పాడుచేశాడు, వాణ్ణి తీసేశాను అని చెబితేనే ఏజెన్సీ దక్కుతుంది. లేకపోతే నాచారం లేదు, ఏమీ లేదు."

ఆ ఫలానావాడు ఎవరో ఇంక చెప్పక్కర్లేదు. ఫణీంద్ర తన సీడీలు సర్దుకోవడానికి వంగాడు.

వెనక గదిలో రిపేరు బల్ల ఉంది. బాలరాజు యాంప్లిఫయర్‌ని పసిపిల్లని దించినట్టు దాని మీద దించాడు. స్క్రూలు తీశాడు. పైమూత ఎత్తాడు.

కాలింది ఎడమవైపు బోర్డు. అది ఊహించిందే. ఊహించనిది ఇంకోటి కనపడింది.

మూతకున్న చిల్లుల కింద సరిగ్గా ఆ బోర్డు మీద ఒక ఎర్రటి చార. పైనుంచి కారి, పాయలుగా చీలి, ఎండిపోయింది. కొస మాత్రం ఇంకా చెమ్మగా ఉంది. వైర్లు తగిలితే ఇలా ఉండదు. వేలితో తాకాడు. గరుకుగా తగిలింది. వాసన చూశాడు.

పసుపు. సున్నం. కొంచెం కర్పూరం మసి.

పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రగా మారతాయి. పళ్లెంలో ఆ నీళ్లు పోసి, తమలపాకు మీద కర్పూరం వెలిగించి చుట్టూ తిప్పితే దిష్టి పోతుంది. ప్రతి అమావాస్యకీ ఈ షాపు గుమ్మం ముందు ఆ నీళ్లు పడతాయి. పోసేది ఎవరో ఉప్పల్ రింగురోడ్డు మీద అందరికీ తెలుసు.

రామచంద్రరావు భార్య కనకమహాలక్ష్మి. ఇవాళ శుక్రవారం. శుక్రవారం పొద్దున్నే షాపు తలుపు తీసి దీపం పెట్టేది ఆమే. పెట్టి, మధ్యాహ్నం దాకా కింద కౌంటర్లో కూర్చునేది.

"తమ్ముడూ, ఏమిటా అరుపులు? ఆ డాక్టరు గారు అలా వెళ్లిపోయారేం?"

తల తిప్పితే ఆమే. చేతిలో టిఫిన్ క్యారియర్. బాలరాజు కోసం పెరుగన్నం విడిగా కట్టుకొచ్చే మనిషి. "నాచారం షాపు తమ్ముడికివ్వండి, ఆ నోరుగల కుర్రాడికి కాదు" అని మొగుడితో పోట్లాడే మనిషి. ఈ షాపులో బాలరాజు తరఫున ఉన్నది ఆమె ఒక్కతే.

బాలరాజు పక్కకి జరిగాడు. ఆమె బల్ల మీదకి చూసింది.

క్యారియర్ కింద పెట్టింది. ముఖంలో రక్తం లేదు.

"నాలుగు చుక్కలే పడ్డాయి" అంది. "కర్పూరం వేలికి అంటుకుని చురుక్కుమంది. పళ్లెం ఒరిగింది. వెంటనే కొంగుతో తుడిచేశాను తమ్ముడూ. పైన ఒక్క చుక్క లేదు."

"పైన లేదక్కా. లోపలికి దిగినయి. గవి చిల్లులు గదా."

"చిల్లులున్నాయని నాకేం తెలుసు? డిజైను అనుకున్నాను."

"మిషను మీద ఎందుకు తిప్పినవక్కా? ఎప్పుడు గుమ్మం ముందల్నే తిప్పుతవు గదా."

"నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు. కొత్త వస్తువు. ఎవరి కళ్లు ఎలాంటివో..." ఆమె కళ్లు బాలరాజు ముఖం మీద నుంచి కిటికీ వైపుకి వెళ్లిపోయాయి. "సరే, అయిందేదో అయింది. ఆయనకేం చెప్పావు?"

"ఇంకా ఏం జెప్పలే. సార్ అనుమానం ఫణీంద్ర వైర్ల మీదనే ఉంది."

ఆమె గొంతు తగ్గించింది.

"దూది ఉందా?"

"ఉంది."

"తుడిచెయ్. నాచారం నీదే. ఆయన చేత నేను చెప్పిస్తాను. ఆ కుర్రాడికేం, మాటకారి. ఎక్కడైనా బతుకుతాడు."

ఆమె వెళ్లిపోయింది. బాలరాజు స్పిరిట్ సీసా మూత తీశాడు. దూది తడిపాడు. చార మీద ఒక్కసారి లాగాడు. దూది ఎర్రబడింది. ఇంకో రెండుసార్లు లాగితే ఏమీ ఉండదు. మిగిలేది కాలిన బోర్డు, వైర్లు, ఫణీంద్ర పేరు.

నాచారం కుర్చీ కళ్లముందు కనపడింది. మెయిన్‌రోడ్డు వైపు అద్దాల తలుపు. లోపల వాడికి నచ్చిన రంగు పరదాలు.

"బాలరాజన్నా."

గుమ్మంలో ఫణీంద్ర. భుజాన సీడీల సంచి. బాలరాజు దూదిని గుప్పిట్లో మూశాడు.

"వెళ్తున్నానన్నా. సార్‌తో చెప్పేశాను. నిజం చెప్పాలంటే, ఆఫ్ చేశానో లేదో ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. చేశాననే గుర్తు. కానీ నా చేతుల సంగతి నీకు తెలుసుగా."

"ఊఁ."

"ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. మొదటి జత పెట్టినప్పుడే, వైర్లు మార్చకముందే, ఎడమవైపు సన్నగా చిటపట వినపడింది. నూనెలో ఆవాలు వేసినట్టు. సీడీ మీద గీత ఉందేమో అనుకున్నా. డాక్టరు గారి సీడీ కదా, ఏమంటాం? నువ్వూ విన్నావుగా?"

బాలరాజు గుమ్మంలోనే ఉన్నాడు. ఆ పాట మొదటి నుంచీ చివరి దాకా విన్నాడు. వాడికి ఏ చిటపటా వినపడలేదు.

"విన్న" అన్నాడు.

"అదీ! నాకొక్కడికే వినపడిందేమోనని భయపడ్డా. సరే అన్నా. హబ్సిగూడలో తెలిసినవాళ్ల షాపు ఒకటుంది. అడిగి చూస్తా. నాచారం డెమో గదికి లేత బూడిద రంగు పరదాలు పెట్టు. ముదురు రంగయితే గది చిన్నదైపోతుంది."

వెళ్లిపోయాడు. చెప్పుల చప్పుడు హాల్లోకి మళ్లింది.

బాలరాజు పళ్లు బిగించాడు. ఎర్రనీళ్లు వేడెక్కి బోర్డు మీద ఉడుకుతుంటే వచ్చిన చప్పుడది. అంత పాటలో, అంత వయొలిన్ కింద, ఫణీంద్ర దాన్ని పట్టుకున్నాడు. తప్పు చేయనివాడు. తప్పు తనదేనేమో అని అనుమానపడుతూ కూడా విన్నది విన్నట్టు చెబుతున్నాడు. మళ్లీ 'నువ్వూ విన్నావుగా' అంటాడు!

ఇప్పుడు వీడు హబ్సిగూడ పోతాడు. అక్కడ కుర్చీ పక్కన నిలబడి గాల్లోకి వేలు చూపిస్తాడు. ఉప్పల్ కస్టమర్లందరూ ఒక్కొక్కరే అక్కడికి వెళ్తారు. నాచారం షాపుకి వచ్చినవాడు చుట్టూ చూసి, "ఆ కుర్రాడు లేడా?" అంటాడు. ఎన్నేళ్లయినా అంటాడు. బాలరాజు కుర్చీలో కూర్చునే ఉంటాడు. కానీ ఫణీంద్ర వదిలేసి వెళ్లిన కుర్చీ అది.

కబడ్డీలో అవతలివాడు బరిలోకే రాకుండా ఇంటికి పోతే, గెలిచానని ఎవడైనా చెప్పుకుంటాడా?

వీడు పోగూడదు. ఇక్కడే ఉండాలి. కళ్ల ముందే ఉండాలి. ఏదో ఒకరోజు ఇదే గదిలో, ఇదే కుర్చీ పక్కన, వీడికి వినపడనిది తను వినాలి. అప్పుడు పోవాలి వీడు.

దూదిని బల్ల కింద పారేశాడు. మూత లేని యాంప్లిఫయర్‌ని రెండు చేతుల్తో ఎత్తుకుని హాల్లోకి నడిచాడు.

రామచంద్రరావు ఫోన్లో ఉన్నాడు. ఎదురుగా ఫణీంద్ర సంచితో నిలబడి ఉన్నాడు. జీతం లెక్క చూసుకుని పొమ్మన్నట్టున్నాడు. కనకమహాలక్ష్మి వచ్చి మొగుడి వెనకాల నిలబడి ఉంది.

"జీ, హా జీ... హమారా ఏక్ లడ్కా హై, ఫణీంద్ర కర్కే..." మా దగ్గర ఫణీంద్ర అనే కుర్రాడొకడున్నాడని బొంబాయికి హిందీలో చెబుతున్నాడు.

బాలరాజు యాంప్లిఫయర్‌ని టేబులు మీద పెట్టి, వేలితో ఫోను నొక్కేశాడు. లైను తెగింది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా!"

"ఫణీంద్ర కాదు సార్."

"ఏంటి?"

"ఆఫ్ జేసే మార్చిండు. నేను సూసిన. సూడలేదని అబద్ధం జెప్పిన." ఒక్క ఊపిరిలో అనేశాడు. "ఇది వైర్లతోని కాలలే. గిది సూడున్రి."

తుడవగా మిగిలిన ఎర్ర పాయ మీద వేలు పెట్టాడు. రామచంద్రరావు వంగి చూశాడు. వాసన చూశాడు. ఇన్నేళ్లు అమావాస్య అమావాస్యకీ ఆ నీళ్లు దాటుకుని షాపులోకి వచ్చిన మనిషి. వాసన గుర్తుపట్టడానికి ఎంతో సేపు పట్టలేదు.

"ఎవరు పోశారు?" అన్నాడు. కానీ వెనక్కి తిరగలేదు.

మొగుడి భుజం మీద నుంచి కనకమహాలక్ష్మి బాలరాజు వైపు చూస్తోంది. తల అడ్డంగా ఊపుతోంది. వద్దు తమ్ముడూ, వద్దు.

"అక్క" అన్నాడు బాలరాజు. "పొద్దుగాల దిష్టి తీస్తుంటె పళ్లెం ఒరిగిందట. కావాల్నని జెయ్యలే."

ఫణీంద్ర భుజం మీది సంచి కిందికి జారింది. "బాలరాజన్నా..." అన్నాడు. వాడి కళ్లలో కృతజ్ఞత. బాలరాజుకి ఒళ్లు మండింది.

"నీకోసం జెప్పలే. మూస్కో."

రామచంద్రరావు ఇప్పుడు తిరిగాడు. భార్యని పైనుంచి కిందికి చూశాడు. కొంగు చివర ఎర్రటి మరక ఉంది.

"ఇంగ్లండు నుంచి వచ్చిన మిషను మీద ఎర్రనీళ్లా! ఏమే, బుద్ధుందా నీకు? ఎవడి దిష్టి తగిలిందని తీశావు? చూసినవాళ్లు ఎవరసలు? కస్టమరు చూడలేదు. పక్క షాపువాడు చూడలేదు. ఉన్నదే మనం నలుగురం!"

ఆమె కళ్లు బాలరాజు మీదే ఉన్నాయి. ఇందాకటి బతిమాలడం వాటిల్లో లేదు. నెయ్యి వేసి పెట్టిన చేతిని కరిచినవాణ్ణి చూస్తున్నట్టుంది.

"నేను చెప్పదలుచుకోలేదు" అంది మెల్లగా. "చెబితే మనసు కష్టపెట్టుకుంటాడని, ఆ మనిషికి కూడా చెప్పలేదు. నిన్న పెట్టె విప్పారు చూడండి. ఈ ఫణీంద్ర దాన్ని బయటికి తీశాడు. మీరేమో వాడి వీపు తట్టి, 'వినిపించేది నువ్వే' అన్నారు. అప్పుడు గుమ్మంలో నిలబడి ఒకడు దాని వంక చూశాడండీ. రెప్ప వెయ్యలేదు. అలాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు. అంత చూపు పడ్డాక ఏ వస్తువు మిగులుతుంది? వాడు చెడ్డవాడు కాదు, వాడి కడుపుమంటే చెడ్డది, అది వాడికి కూడా తగలకూడదనే తీశాను."

"ఎవడా ఒకడు?"

బాలరాజు చేతులు యాంప్లిఫయర్ అంచు మీద బిగుసుకున్నాయి. మెట్ల కింద రోడ్డు మీద సిటీ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పూర్తిగా పోయేదాకా ఆమె ఆగింది, ఒక్క అక్షరం కూడా ఎవరికీ తప్పిపోకూడదన్నట్టు.

"ఇంకెవడు?" అంది. "మా తమ్ముడు. బాలరాజు."